లెక్కలో లేని పదిహేడుగురు

బిజినెస్ స్కూల్లో అందరూ ఆమెను స్టోరక్క అనేవారు. పెద్దాసుపత్రిలో మందుల స్టోరు పదకొండేళ్లు చూసుకుని వచ్చింది కాబట్టి ఆ పేరు. పుట్టడం వెటకారంగానే పుట్టింది. చేరిన మొదటి వారంలో లెక్చరర్ తెర మీద గోడౌను బొమ్మ చూపిస్తుంటే వెనక బెంచీలోంచి చెయ్యెత్తి, "సార్, ర్యాకులు అలా పెడితే ముందొచ్చిన డబ్బాలు వెనక్కి పోతాయండీ. గడువు దాటిపోయేదాకా ఎవరికీ కనపడవు" అంది. గదంతా ఘొల్లుమంది. లెక్చరర్ బొమ్మను కాసేపు చూసి, "ఆవిడ చెప్పింది నిజమే" అన్నాడు. ఆ రోజుతో వెటకారం పోయింది, పేరు మిగిలింది.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. తక్కినవాళ్లకు ఇరవై రెండు, ఇరవై మూడు. ఆసుపత్రిలో ఆమె పైన మేనేజరు కుర్చీ మూడుసార్లు ఖాళీ అయింది. మూడుసార్లూ డిగ్రీ ఉన్న మగవాడొకడు వచ్చి కూర్చున్నాడు. మూడుసార్లూ అతనికి పని నేర్పింది ఆమే. మూడోవాడికి నేర్పుతున్న రోజుల్లో ఇంటికొచ్చి రోజూ గొణుగుతుంటే అత్తగారు విసుక్కుంది.

"నువ్వెళ్లి ఆ చదువేదో చదువుకో తల్లీ. పిల్లని నేను చూసుకుంటాను. సాయంత్రమయ్యేసరికి ఆ మేనేజరు మీద నువ్వు చెప్పే సోది వినే ఓపిక ఇక నాకు లేదు."

భర్త బస్సుల డిపోలో మెకానిక్. మాట తక్కువ మనిషి. మర్నాడు ఒక కొత్త పెట్టె కొనుక్కొచ్చి మంచం పక్కన పెట్టాడు. అంతే, ఆయన ఒప్పుకున్నట్టు.

అలా వచ్చింది. వచ్చిన రోజు నుంచీ భయమే. కార్డు తాకిస్తే గానీ తెరుచుకోని తలుపులంటే భయం. నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే భయం. అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి: వెనక్కి దారి లేదు. ఆసుపత్రిలో ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. ఇక్కడ ఉద్యోగం దొరక్కపోతే రెండేళ్ల చదువూ, తొమ్మిదేళ్ల కూతురిని వదిలి ఉన్న రెండేళ్లూ గాలికి పోయినట్టే.

రెండో ఏడు కంపెనీలు రావడం మొదలైంది. తొమ్మిది ఇంటర్వ్యూలకు వెళ్లింది. మీ వయసెంత? పిల్లలెంతమంది? రాత్రిళ్లు ఉండాల్సి వస్తే ఇంట్లో ఒప్పుకుంటారా? మీకంటే చిన్నవాడు బాసైతే సర్దుకుంటారా? తొమ్మిది చోట్లా ఇవే. అవే గదుల్లోకి వెళ్లొచ్చిన మగపిల్లల్ని అడిగితే ఒక్కడినీ ఇవి అడగలేదని తేలింది. వాళ్లను పని గురించి అడిగారు. పదకొండేళ్లు పని చేసిన మనిషిని మాత్రం పని తప్ప అన్నీ అడిగారు.

తొమ్మిదోది కూడా పోయాక ప్లేస్‌మెంట్ సార్ కబురు పెట్టాడు. కంపెనీలను పిలిచేదీ, ఎవరు ఏ ఇంటర్వ్యూకి వెళ్లాలో జాబితా రాసేదీ, తర్వాత ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఫలానా అమ్మాయి మంచిదని చెప్పేదీ ఆయనే. గొంతు ఎప్పుడూ పెంచడు. గదిలోకి రాగానే గ్లాసుతో మంచినీళ్లు చేతికిస్తే వార్త మంచిది కాదని పిల్లలందరికీ తెలుసు.

"ముందు నీళ్లు తాగమ్మా" అన్నాడు.

ఆమె ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నీ గురించి నాకు చాలా బెంగగా ఉంది. నువ్వు కష్టపడే మనిషివి. కానీ చివర్లో లెక్క అచ్చు వేస్తాం చూడు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయని? అందులో నీ పేరు రానివాళ్ల వరసలో పడితే నీకూ బాగోదు, స్కూలుకీ బాగోదు. నీ తర్వాత వచ్చే ఆడపిల్లలకి అసలే బాగోదు." పసుపు రంగు కాగితం ఒకటి ముందుకు జరిపాడు. "ఇదేం పెద్ద విషయం కాదు. లెక్క కోసం. సంతకం పెట్టు, నీ సంగతి నేను విడిగా చూస్తాను."

నా ఇష్టప్రకారమే నేను ఉద్యోగం కోరడం లేదు అని ఉంది ఆ కాగితం మీద.

ఆమె అమాయకురాలు కాదు, చదవకుండానూ సంతకం పెట్టలేదు. లెక్క కోసం అన్న మాట దగ్గర పడిపోయింది. స్టోర్లో పగిలిన సీసాల్ని, గడువు తీరిన మాత్రల్ని వేరే కాగితం మీద రాసి తీసేస్తేనే ర్యాకూ రిజిస్టరూ సరిపోయేవి. పదకొండేళ్లు ఆ పని నిజాయితీగా చేసింది. తన వల్ల లెక్క చెడకూడదు అనే భయం ఎముకల్లో ఉంది. ఆ అలవాటు కొద్దీ ఈసారి తనను తానే తీసేసుకుంది.

"తేదీ వెయ్యకు. నేను వేసుకుంటాను" అన్నాడు సార్. "ఇంకో మాట. ఎవరితోనూ అనకు. నీకే చిన్నతనం."

ఎవరితోనూ అనలేదు.

మూడు వారాలకు నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడింది. టీకాలు, మందులు చల్లగా నిలవ చేసి ఊరూరా పంపే కంపెనీ సోమవారం వస్తోంది. స్టోరు పని తెలిసినవాళ్లు కావాలట. ఆమె అది రెండుసార్లు చదివింది. తన కోసమే రాసినట్టుంది. కింద అర్హుల జాబితాలో పేరు వెతికింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. లేదు. ఆఫీసులో గుమాస్తాను అడిగితే అతను తల కూడా ఎత్తలేదు.

"మీరు వద్దని రాసిచ్చారు కదా మేడమ్? శుక్రవారం ఐదింటికి జాబితా కంపెనీకి వెళ్లిపోతుంది. అందులో ఇక మార్పులుండవు."

అప్పటికి బుధవారం.

హాస్టల్లో ఆడపిల్లలకు ఒక పద్ధతి ఉండేది. గురువారం సాయంత్రం బట్టలుతికే గదిలో కలుసుకునేవాళ్లు. మెషిన్లో బట్టలు వేశాక ఉతుకు అయ్యేందుకు నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఒకమ్మాయి బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఇంటర్వ్యూకి వచ్చినట్టు జవాబులు చెప్పాలి, మిగిలినవాళ్లు కంపెనీవాళ్లలా నిలదీయాలి. మెషిన్ ఆగితే ఇంటర్వ్యూ ఆగినట్టు. మగపిల్లలకి సీనియర్లు, బాబాయిలు, వాళ్లకి తెలిసినవాళ్లు ఉంటారు. వీళ్లకి ఆ గది ఉంది.

ఆ గురువారం బకెట్ స్టోరక్కది. ప్రశ్నలడిగేది లాయరమ్మ. చదివేది వాణిజ్యమే అయినా ప్రతిదానికీ వాదిస్తుందని ఆ పేరు. ఆమెకు అప్పటికే ఉద్యోగం ఖాయమైంది.

"చెప్పండి మేడమ్, మా కంపెనీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారు?" లాయరమ్మ లేని కళ్లద్దాలు సర్దుకుంది. అందరూ నవ్వారు.

స్టోరక్క నోరు తెరిచింది. అనుకున్న జవాబు బదులు వేరే మాట వచ్చింది.

"నేను చేరలేను. జాబితాలో నా పేరు లేదు. ఉద్యోగం వద్దని పసుపు కాగితం మీద సంతకం పెట్టాను."

మెషిన్ గిరగిరా తిరుగుతోంది. కిటికీ దగ్గర దుప్పటి మడతపెడుతున్న పొడుగమ్మాయి చేతులు ఆగిపోయాయి.

"నేనూ పెట్టానక్కా" అంది. "నన్నొక్కదాన్నే పిలిచారనుకున్నా."

మూలనుంచి ఇంకో గొంతు వచ్చింది. ఆ అమ్మాయి ఎంత తక్కువ మాట్లాడుతుందంటే అందరూ మౌనం అని పిలిచేవాళ్లు. "నాకు కూడా మంచినీళ్లిచ్చారు" అంది. అంతే అంది.

ఆ తర్వాత ఆ గదిలో జరిగింది చాటుకునేదేం కాదు. పదకొండు మందిలో నలుగురు మెషిన్ ఆపి, నీళ్లోడుతున్న బట్టలు బకెట్లలో వేసుకుని వెళ్లిపోయారు. "నాకేం చెప్పొద్దు, నేనేం వినలేదు" అంది ఒకమ్మాయి గుమ్మంలో. వాళ్లని తప్పుపట్టలేం. వాళ్లింకా ఆయన రాసే జాబితాలోనే ఉన్నారు.

ఉన్నవాళ్లు అనుకున్నారు: ముగ్గురూ రేపు పదింటికి వెళ్లి సంతకం వెనక్కి తీసుకుంటున్నామని రాసివ్వాలి.

శుక్రవారం పదింటికి పొడుగమ్మాయి వచ్చింది. మౌనం రాలేదు. ఫోన్ కట్టేసి ఉంది. పిలవకుండా లాయరమ్మ వచ్చింది.

"నువ్వెందుకే? నీ ఉద్యోగం పోతుంది."

"పోతే నీ స్టోర్లో డబ్బాలు మోస్తాలే అక్కా. పద."

తలుపు దగ్గర ప్లేస్‌మెంట్ సార్ చిరునవ్వుతో, "ఒక్కొక్కరే రండమ్మా" అన్నాడు. ఆయన పనంతా అలా ఒక్కొక్కరితోనే. స్టోరక్క ఒక్కతే లోపలికి వెళ్లింది. వెనక తలుపు పడిన చప్పుడుకు ఉలిక్కిపడింది. ఈసారి నీళ్లివ్వలేదు. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసిన కాగితం ఆమె బల్ల మీద పెట్టింది.

"ఎవరు నేర్పారు నీకిది?"

"ఎవరూ నేర్పలేదు సార్. నాకు సోమవారం ఇంటర్వ్యూ కావాలి."

"కావాలంటే ఎలా? రాసిచ్చావు కదా. అది కూడా కంపెనీలు రావడం మొదలవక ముందే."

"మూడు వారాల కిందట కదా సార్ పెట్టాను? తేదీ మీరు వేస్తానన్నారు."

ఆయన విసురుగా సొరుగు లాగి ఫైలు తీశాడు, ఆమె కాగితం చూపించి నోరు మూయించడానికి. పేజీలు తిప్పుతుంటే ఆమె కళ్లు వాటంతటవే లెక్కపెట్టేశాయి. ర్యాకు చూస్తే డబ్బాలెన్నో చెప్పే కళ్లవి. పసుపు కాగితాలు పదిహేడు. అన్నిటి మీదా ఒకే తేదీ, ఒకే సిరా. వాళ్ల బ్యాచిలో మొత్తం ఆడపిల్లలే నలభై ఒక్కమంది.

"పదిహేడా సార్?" అంది.

ఆయన ఫైలు టక్కున మూశాడు. ముఖంలో ఏదో కదిలింది. అది కోపమైతే ఆమె తట్టుకునేది. అది భయం. పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లు భయపడితే ఏం చేస్తారో ఆమెకు తెలుసు.

"చూడమ్మా" అన్నాడు, గొంతు మళ్లీ మెత్తబడింది. "నీకు అనుభవముంది. నీది వేరు. నీ పేరు ఇప్పుడే చేరుస్తాను. నువ్వు ఇక్కడ ఏమీ చూడలేదు. రేపు నీ గురించి ఎవరైనా ఫోన్ చేస్తే మంచి మాట చెప్పాల్సింది నేనేనని గుర్తుపెట్టుకో."

"సరే సార్" అంది.

బయటికి రాగానే లాయరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఏమన్నాడక్కా?" పేరు చేరుస్తానన్నారని చెప్తే ఎగిరి గంతేసింది. పొడుగమ్మాయి లోపలికెళ్లి రెండు నిమిషాల్లో వచ్చేసింది. "కుదరదట. నీది ప్రత్యేకమట" అంది. ఆ అమ్మాయి చూపు తప్పించుకుని స్టోరక్క తన గదికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నమంతా మంచం అంచున కూర్చుంది. మూడున్నరకి అత్తగారికి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"నీ పేరు చేర్చాడుగా? ఇంక నోరు మూసుకుని పని చూసుకో" అంది అత్తగారు ముందు. "వాళ్లందరి సంగతి నీకెందుకు? నీ కూతురు ఇక్కడ రోజూ క్యాలెండర్లో గళ్లు కొట్టేస్తోంది."

"అలాగే అత్తయ్యా."

అత్తగారే మళ్లీ అంది: "ఆ మూడో మేనేజర్ని తెచ్చి కూర్చోబెట్టినప్పుడు, నీ తరఫున ఒక మాట చెప్పమంటే నీ పక్క సీటావిడ ఏమంది?"

"తనకేం తెలీదంది."

"దాన్ని ఎన్నాళ్లు తిట్టావ్?"

"ఇంకా తిడుతున్నా."

"మరి ఆలోచించుకో" అని ఫోన్ పెట్టేసింది.

అయినా ఆమె వెంటనే లేవలేదు. ఇది కూడా చెప్పాలి. గడియారం చూస్తూ ఐదు దాకా కూర్చుంది. ఐదింటికి జాబితా కంపెనీకి వెళ్లిపోయింది, అందులో తన పేరుతో సహా. ఐదూ పదికి లేచి లాయరమ్మ తలుపు తట్టింది, పదిహేడు గురించి చెప్పింది.

"ఐదు దాకా ఆగి చెప్తున్నావా అక్కా?"

"ఆగాను. సిగ్గులేకుండా ఆగాను. తిట్టు."

"తర్వాత తిడతాలే. చెప్పులేసుకో."

ఇద్దరూ హాస్టల్లో తలుపు తలుపూ తట్టారు. పసుపు కాగితం మీద సంతకం పెట్టావా? కొందరు లేదన్నారు. కొందరు లేదని చెప్పి పావుగంట తర్వాత వాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. మౌనం తలుపు ఓరగా తెరిచింది. ముఖం వాచిపోయి ఉంది. "సార్ మా నాన్నకి ఫోన్ చేశారు. మీ అమ్మాయి గొడవల్లో తిరుగుతోందన్నారు. నాన్న రేపొస్తున్నారు" అని తలుపు వేసుకుంది. ఇంతలో సార్ దాకా ఎలా వెళ్లిందీ కబురు? ఉతుకు గదిలోంచి తడి బట్టలతో వెళ్లిన వాళ్లలో ఎవరైనా మోశారా? ఆ ఆలోచన వచ్చాక ఇక ప్రతి ముఖమూ అనుమానంగానే కనిపించింది.

ఆదివారం సాయంత్రానికి పదకొండు మంది, ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నామని స్కూలు డైరెక్టర్‌కి తమ చేత్తో ఉత్తరాలు రాశారు. లాయరమ్మ ఒకే ఉత్తరం రాసి అందరి చేతా సంతకాలు పెట్టిస్తానంది. స్టోరక్క ఒప్పుకోలేదు. "ఎవరి ఉత్తరం వాళ్లే రాయాలి. తేదీ కూడా వాళ్లే వెయ్యాలి." సోమవారం ఎనిమిదింటికి డైరెక్టర్ ఆఫీసులో ఇచ్చి, ప్రతి నకలు మీదా అందినట్టు ముద్ర కొట్టేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు. అక్కడి గుమాస్తా ఒక్కో తేదీ చూస్తూ ముద్రలు కొట్టాడు.

తొమ్మిదిన్నరకి ఇంటర్వ్యూ గది తలుపు మీద జాబితా అంటించారు. ఆమె పేరు ఉంది. దాని మీద నీలం పెన్నుతో అడ్డంగా గీత ఉంది.

అనుకున్నదే. గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. పేరున్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికెళ్లి వస్తున్నారు. ఆమె లేవలేదు. లేస్తే ఎక్కడికెళ్లాలి? పొడుగమ్మాయి వచ్చి ఎడమ పక్కన కూర్చుంది. క్లాసుకి టైమయితే లేచింది, ఆ చోట్లో ఇంకొకమ్మాయి కూర్చుంది. ఆ రోజంతా ఆ బెంచీ మీద ఆమె ఒంటరిగా లేదు. గురువారం తడి బట్టలతో వెళ్లిపోయిన వాళ్లలో ఒకతె కూడా వచ్చి, ఒక టీ కప్పు పెట్టి పోయింది. ప్లేస్‌మెంట్ సార్ మూడుసార్లు ఆ వరండాలో నడిచాడు. మూడోసారి ఆగాడు.

"ఇక్కడ కూర్చుని లాభం లేదమ్మా."

ఆమె టీ కప్పు బెంచీ కిందికి జరిపింది.

అప్పుడే గది తలుపు తెరుచుకుంది. కంపెనీ నుంచి వచ్చినావిడ, యాభై దాటిన మనిషి, ఖాళీ నీళ్ల సీసాతో బయటికి వచ్చింది. "నువ్వు పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావు. ఎవరి కోసం?"

సార్ నవ్వుతూ, "ఆవిడకి ఉద్యోగం అవసరం లేదండీ, రాసిచ్చింది" అన్నాడు.

ఇప్పుడు మాట్లాడితే ఇక ఈయన ఏ కంపెనీకీ తన పేరు చెప్పడు. మాట్లాడకపోతే ఈ తలుపు మూసుకుపోతుంది. స్టోరక్క నిలబడింది, గోడ పట్టుకుని.

"రాయించుకున్నారు మేడమ్. నాకు ఉద్యోగం కావాలి. పదకొండేళ్లు ఆసుపత్రి స్టోరు చూశాను."

ఆవిడ ఆమెనూ చూసింది, సార్‌నూ చూసింది. "టీకాల ఫ్రిజ్ ఉండేదా?"

"మూడుండేవి."

"కరెంటు పోయింది. జనరేటర్ పని చెయ్యట్లేదు. ముందు ఏం చేస్తావు?"

"తలుపు తెరవను మేడమ్. ఎవరినీ తెరవనివ్వను. కరెంటు పోయిన టైము రాసుకుని, తర్వాత ఫోన్లు చేస్తాను."

"ఈ గీత కొట్టిందెవరో గానీ" అంది ఆవిడ, తలుపు మీది జాబితా చూస్తూ, "పొద్దుట్నుంచీ లోపలికొచ్చిన వాళ్లలో సగం మంది ముందు తలుపు తెరిచి చూస్తామన్నారు. రా."

ఇంటర్వ్యూ ముప్పావుగంట నడిచింది. వయసు అడగలేదు. బుధవారం గోడౌనుకు రమ్మన్నారు. ఆ తర్వాతి వారం ఉద్యోగం ఇచ్చారు.

పదకొండు ఉత్తరాలూ ముద్రతో సహా ఉన్నాయి కాబట్టి డైరెక్టర్ వాటిని కాదనలేకపోయాడు. వాటిలో ఐదుగురికి ఉద్యోగాలు వచ్చాయి, ఆరుగురికి రాలేదు. ఇంకా ఆరుగురు ఉత్తరం రాయనే లేదు. వాళ్లలో మౌనం ఒకతె. వాళ్ల నాన్న వచ్చి పెట్టె సర్దించి తీసుకెళ్లిపోయాడు, ఆఖరి పరీక్షలకు మాత్రం పంపాడు. లాయరమ్మ ఉద్యోగం నెల ఆలస్యమైంది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఏటా ఆడపిల్లలకు నూటికి నూరు అని అచ్చయ్యే పుస్తకంలో ఆ ఏడు ఎనభై మూడు అని పడింది. చెడ్డ సంవత్సరం అన్నారు అందరూ. అన్నీ అలాంటి సంవత్సరాలేనేమో, మనుషుల్ని తీసేసి లెక్కపెట్టారు కాబట్టి తెలియలేదు. ప్లేస్‌మెంట్ సార్ అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నాడు.

పుస్తకం వచ్చిన రోజు స్టోరక్క సర్టిఫికెట్లు తీసుకుని మెట్లు దిగుతుంటే ఆయన ఎదురొచ్చాడు. మెట్ల మీద ఇద్దరే. ఆయన ఆగాడు.

"సంతోషమేనా? ఇన్నేళ్ల స్కూలు పేరు దించేశావు."

అనాల్సినవి ఎన్నో ఉన్నాయి. రాత్రిళ్లు పడుకుని ఎన్నోసార్లు కూర్చుకున్న మాటలు. ఒక్కటీ నోటికి రాలేదు.

కింద గేటు దగ్గర లాయరమ్మ ఆటో ఆపి ఉంచింది.

"ఏంటక్కా, ఏమన్నాడు? నువ్వేమన్నావు?"

"థాంక్యూ సార్ అన్నాను."

"ఏంటీ!"

"భయమేసిందే. నోటికి అదే వచ్చింది" అంది స్టోరక్క, ఆటో ఎక్కుతూ. "నవ్వకు. జరుగు, పెట్టె పెట్టుకోవాలి."